సుద్దముక్క కూలి

మొదటిసారి నూనెరంగుతో రాశాను.
పడవలకు పూయగా మిగిలిన నీలంతో
"చేప, సీమపనస, పులుసు: పన్నెండు డాలర్లు."
వెర్లిన్ నడుం మీద చెయ్యేసుకుని చూసి
"వంకర లేదు, ఉంచు" అంది.
కూలి, ఒక పళ్ళెం భోజనం.
ఆ పన్నెండు నాలుగు వానాకాలాలు నిలిచింది.
తుఫానుకి కొట్టు రేకులు లేచిపోయాయి గానీ
అంకె లేవలేదు.

ఇప్పుడు పలకకు నల్లరంగు, నా చేతికి సుద్దముక్క.
సరుకు ఓడ వచ్చిన మర్నాడల్లా కేకేస్తుంది:
"ఓజయస్, తడిగుడ్డ పట్టుకుని రా!"
నూనె పెరిగింది, గ్యాసు పెరిగింది.
ఎక్కడో చలిదేశంలో కోసి
మంచులో కప్పి పంపిన కోళ్ళు,
బతికుండగా గోడైనా దాటనివి
చచ్చాక ఎగరడం నేర్చాయి.

పద్దెనిమిది. ఇరవై రెండు. ఇరవై ఏడున్నర.
ఆ అర ఎందుకంటే
ఇరవై ఎనిమిది అనడానికి ఆమెకు నోరు రాలేదు.

చేప ఒక్కటే మా నీళ్ళది.
కొట్టు గుమ్మంలో నిలబడితే కనపడే నీళ్ళదే.
కానీ ఆమె మేనల్లుడు కెల్రాన్
పొద్దున్నే మా వైపు ఒక చెయ్యి ఊపి
పడవ తిప్పుకుని
తెల్ల గొడుగుల హోటలు రేవుకి పోతాడు.
వాణ్ణేమీ అనదు.
వాడి ఇంజనూ పెట్రోలే తాగుతుంది మరి.

అక్కడ మా శంఖుమాంసాన్ని
నిమ్మరసంలో నానబెట్టి, గాజుగిన్నెలో పెట్టి,
పైన ఒక ఆకు గుచ్చి ఇస్తారు.
తిన్నవాళ్ళు బిల్లు చూసీ చూడనట్టు సంతకం పెడతారు.
ఖాళీ శంఖాలు గుట్టగా మా ఒడ్డుకే చేరతాయి.
చెవి దగ్గర పెట్టుకుంటే సముద్రం వినపడుతుందట.
మాకు చెవి దాకా ఎందుకు,
హోరు కడుపులోనే ఉంది.

బడిపంతులమ్మ ఇయాంత ఇదివరకు మూల బల్ల దగ్గర కూర్చునేది.
ఇప్పుడు ఇంట్లో కాల్చిన సీమపనస డబ్బాలో తెచ్చి
"పులుసు మాత్రం పొయ్యమ్మా" అంటుంది, నిలబడే.
వడ్రంగి హ్యూబర్ట్ ఇల్లు సెలవుల అతిథులకు అద్దెకుపోయింది.
చెల్లెలి వెనకగదిలో పడుకుని, వారానికోసారి
తన తలుపుకే ఉన్న అంకెల తాళం నొక్కి
లోపలికెళ్ళి కుళాయి బాగుచేసి వస్తాడు.
ఏ అంకెలో అడిగాను.
"నేను పుట్టిన సంవత్సరం. పాతది మార్చలేదు వాళ్ళు."

ఒక మాట చెప్పాలి, ఎవరికీ చెప్పనిది.
ధర మారినప్పుడల్లా నాకో పళ్ళెం.
నూనెరంగు నాటి ఒప్పందం, అదొక్కటే మారలేదు.
అప్పుడు మూడేళ్ళకోసారి తినేవాణ్ణి,
ఇప్పుడు నెలకు రెండుసార్లు.
కొండ మలుపులో ఓడ పొగ కనపడగానే
దీవంతా జేబులు తడుముకుంటుంది.
నాకు నోట్లో నీళ్ళూరతాయి.

మొన్న శుక్రవారం ముప్పై ఎనిమిది రాశాను.
ఎంత రుద్దినా పాత అంకెలు పూర్తిగా పోవు.
ఎనిమిది కడుపులో ఏడు, దాని వెనక రెండు.
ఎండ ఏటవాలుగా పడితే
అన్నిటి అడుగున, ఉబ్బుగా, నా నీలం పన్నెండు.

పనయ్యాక వెర్లిన్ పళ్ళెం తెచ్చింది.
సగమే. చేప తోకవైపు.
నేను పళ్ళెం వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.
పొయ్యి పక్కన మూత చీల్చిన సార్డిన్ డబ్బా,
అందులో ఒక చెంచా,
అది ఆమె మధ్యాహ్నం.

చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి
ముళ్ళు తీసుకుంటూ తిన్నాను.
ప్రతి ముద్దలోనూ పళ్ళ కింద
ఏదో అంకె కరకరలాడింది.